మగ్గాల షెడ్డులో ఒక ఆదివారం

పుణేలో సాయంత్రం హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి పది గంటల ప్రాంతానికి సోలాపూర్‌లో దింపుతుంది. 1931 జనవరి 12న ఎరవాడ జైలులో ఉరికంబమెక్కిన నలుగురు సోలాపూర్ వాసుల గుర్తుగా ఆ బండికి ఆ పేరు పెట్టారు. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సారడా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్. ఈ నాలుగు పేర్లు వరుసగా చదివితే చాలు, ఊరు ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. మిగతా సగం మన తెలుగువాళ్ళు.

నేను పుట్టింది, బి.కాం. చదివింది ఆ ఊళ్ళోనే. బ్యాంకు ఉద్యోగం వచ్చాక బదిలీల మీద బదిలీలై, పండక్కో పెళ్ళికో తప్ప వెళ్ళడం లేదు. ఈసారి మాత్రం చుట్టపుచూపుగా వెళ్ళలేదు. రాయబారం మీద వెళ్ళాను.

మా పెదనాన్నగారి కొడుకు, అంటే మా అన్న, ఫోను చేసి, "తమ్మీ, మావోడు మంచి నౌకరీ ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్నడు. నువ్వొచ్చి జెర బుద్ధి చెప్పిపో. బ్యాంకోనివి, నీ మాట ఇంటడు" అన్నాడు. పిల్లవాడు ఇంజనీరింగు చదివి 2019లో పుణే హింజవడిలో ఒక కంపెనీలో చేరాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే ఇంటికొచ్చి, ఇంటి నుంచే రెండేళ్ళు పని చేశాడు. కంపెనీ వెనక్కి రమ్మన్నాక వెళ్ళి, నాలుగు నెలలుండి, రాజీనామా ఇచ్చి తిరిగొచ్చేశాడు. అప్పటినుంచి సొంతంగా వెబ్‌సైట్లు తయారుచేస్తున్నాడట. ఇక్కడ అసలు గొడవ ఉద్యోగం పోయినందుకు కాదు. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రెండు సంబంధాలు, పిల్లవాడికి జీతం చీటీ లేదని తెలిసి వెనక్కి పోయాయి. మూడోది రాబోతోంది. ఈలోగా నేను వెళ్ళి వాణ్ణి మళ్ళీ రైలెక్కించాలి.

సోలాపూర్ చూడని మన పాఠకుల కోసం నాలుగు మాటలు. 1860 నాటికే ఈ ఊరికి రైలు వచ్చింది. 1877లో పెద్ద నూలుమిల్లు నడవడం మొదలైంది. దాన్ని ఇప్పటికీ 'జూనీ మిల్' అంటారు, అది మూతపడి దశాబ్దాలు గడిచినా. నైజాం రాజ్యంలోని కరువులకు, అప్పులకు తట్టుకోలేక కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పద్మశాలీలు మగ్గం చేతపట్టుకుని ఇటు వచ్చారు. ఊరికి తూర్పున స్థిరపడ్డారు కాబట్టి ఆ భాగానికి 'పూర్వభాగ్' అని పేరు. సాఖర్ పేఠ, దాజీ పేఠ, జోడ్‌భావి పేఠ, అశోక్ చౌక్, దత్తనగర్ సందుల్లో నడుస్తుంటే బోర్డులన్నీ మరాఠీలో, తగువులన్నీ తెలుగులో ఉంటాయి. నారళీ పున్నమికి మార్కండేయ స్వామి రథం వెళ్తుంటే ఆ జనంలో మరాఠీ మాట వెతుక్కోవాలి. సోలాపూర్ చద్దరుకూ, టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది, దేశమంతా తెలుసు. అయితే వాటిని నేసిన చేతుల సంగతి వేరు. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది. ఇప్పుడు మరమగ్గమూ తుక్కు కింద పోతోంది. ఇంట్లో ఆడవాళ్ళు బీడీలు చుడుతూనే ఉన్నారు. అది మాత్రం ఆగలేదు.

మా అన్న షెడ్డులో ఒకప్పుడు నాలుగు మరమగ్గాలు ఉండేవి. రెండింటిని 2017లో కిలోల లెక్కన అమ్మేశాడు. మధ్యలో గోడ కట్టి మిగతా రెండింటిని అటువైపు నడుపుతున్నాడు. ఖాళీ అయిన సగంలో మావాడు తన దుకాణం పెట్టాడు. నేను వెళ్ళేసరికి నేల మీద మగ్గాల బోల్టులు దిగిన గుంతలు అలాగే ఉన్నాయి. వాటి మీదే రెండు పొడవాటి బల్లలు, ఏడెనిమిది కుర్చీలు, ఒక ఇన్వర్టరు, గోడకి మార్కండేయుడి పటం. గోడ అవతల మగ్గం టకటక. వీడియోలో మాట్లాడుతుంటే ఒక విదేశీ ఆసామి "మీ ఊళ్ళో వాన పడుతోందా?" అని అడిగాడట. ఏడాదిలో పన్నెండు నెలలూ వాన పడే ఊరు అనుకుని ఉంటాడు. ఎండాకాలం నాలుగైదు రోజులకోసారి నల్లా వచ్చే సోలాపూర్ గురించి ఆయనకెవరు చెప్పాలి!

"రేపు ఆదివారం కాకా, మావోళ్ళంత వస్తరు. నువ్వు గూడ కూసో. తర్వాత ఏం చెప్పాల్నో చెప్పు" అన్నాడు మావాడు. నేను దేనికి వచ్చానో వాడికి ముందే తెలుసని అప్పుడు అర్థమైంది.

నెలకో ఆదివారం వీళ్ళంతా ఆ షెడ్డులో కలుస్తారు. ఆ రోజు పదకొండు మంది వచ్చారు. సంఘం కాదు, కంపెనీ కాదు, పేరు కూడా పెట్టుకోలేదు. ఎవరి పని వారిదే. మావాడు సైటు వెనుక నడిచే ప్రోగ్రాము రాస్తాడు. దత్తనగర్ నుంచి వచ్చిన అమ్మాయి పేజీల రూపం, లోగోలు గీస్తుంది. వాళ్ళమ్మ బీడీ కార్మికురాలు. అక్కల్‌కోట్ అమ్మాయి కన్నడ, మరాఠీ రెండింట్లోనూ మాటలు రాస్తుంది. ఉర్దూ మాట్లాడే కుర్రాడొకడు సరుకుల ఫొటోలు తీస్తాడు. నలభై అయిదేళ్ళ ఆసామి ఒకాయన ఇరవై ఏళ్ళు పెళ్ళిపత్రికల డి.టి.పి. చేసి, శుభలేఖలు ఫోన్లలోకి వెళ్ళిపోయాక ఈ పని నేర్చుకున్నాడు. ఒకతను బి.కాం., నా జాతివాడు. అందరి రిటర్నులు వేస్తాడు.

వీళ్ళు చాలావరకు వాడేది వర్డ్‌ప్రెస్ అనే సాధనం. 2003లో వచ్చింది, ఉచితం. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా దాని మీదే నడుస్తున్నాయి. సాధనం ఉచితం కాబట్టి ఎవడైనా మొదలుపెట్టవచ్చు, కాబట్టి పోటీ కూడా అంతే. ఒక్కడే కూర్చుని అన్నీ చేస్తానంటే ధర తగ్గించుకోవడం తప్ప దారి ఉండదని మావాడు చెప్పాడు. యూనిఫారాల కార్ఖానావాడు సైటు కావాలంటే, వాడికి కావలసింది సైటు ఒక్కటే కాదు. ఫొటోలు కావాలి, నాలుగు భాషల్లో మాటలు కావాలి, ఆర్డరు వస్తే డబ్బు జమయ్యే ఏర్పాటు కావాలి, రాత్రి రెండింటికి సైటు పడిపోతే లేచి చూసే మనిషి కావాలి. ఇన్ని చేతులు ఒక మనిషికి ఉండవు.

నాకు చిన్ననాటి సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. మా తాత గుంటమగ్గం మీద ఒక్కడే నేసేవాడు. కానీ ఆ మగ్గం మీదికి పడుగు ఎక్కేముందు దాన్ని వీధి పొడవునా చాచి గంజి పెట్టాలి. అది ఒక్కడివల్ల అయ్యే పని కాదు. తెల్లవారుజామున ఎండ ముదరకముందే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వచ్చి తలో చెయ్యి వేసేవాళ్ళు, కుంచెతో దువ్వేవాళ్ళు, తెగిన పోగులు అతికేవాళ్ళు. దానికి కూలి లేదు. రేపు వాళ్ళ పడుగు చాచినప్పుడు మన ఇంటి నుంచి మనిషి వెళ్ళాలి, అంతే. వెళ్ళకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పేవారు కాదు, అందరికీ తెలుసు.

ఇలా వేర్వేరు పనులవాళ్ళు ఒకే చోట బల్లలు పంచుకునే పద్ధతిని 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రోగ్రామరు మొదలుపెట్టాడని, దానికి కోవర్కింగ్ అని పేరనీ మావాడు చెప్పాడు. మా తాత వింటే నవ్వేవాడు.

సరే, లెక్కల్లోకి వద్దాం. నాకు రుచించేది అదే. బల్ల మీద ఒక ఎర్ర అట్ట వహీ ఉంది, కిరాణా కొట్లో ఉండేలాంటిది. కంప్యూటర్ల మధ్య ఆ వహీ ఏమిటని అడిగితే, "రాసింది అందరికీ కనవడాలె గద కాకా" అన్నాడు. పని తెచ్చినవారికి నూటికి పది. మిగతాది ఎవరెన్ని గంటలు చేస్తే అంత. కస్టమరు దగ్గర డబ్బు మూడు భాగాలుగా తీసుకుంటారు: మొదలుపెట్టేటప్పుడు, సగమయ్యాక, అప్పగించేటప్పుడు. అడ్వాన్సు వచ్చిన రోజే అందరి వాటాలూ వెళ్ళిపోవాలి. తెచ్చినవాడి ఖాతాలో నిద్రపోకూడదు. ఇవి కాక తలకు నెలకు అయిదు వందలు భిషీ. మన చిట్టీ లాంటిదే, ఇక్కడ ఆ మాట వాడతారు. దాంట్లోంచి ఇంటర్నెట్టు, ఇన్వర్టరు బ్యాటరీ, చాయ్, మిగిలింది ఆపద నిధి.

ఆపద ఆ నెలే వచ్చింది. దత్తనగర్ అమ్మాయి తల్లికి ఆపరేషన్ అయింది. సరిగ్గా అప్పుడే కొల్హాపూర్ బెల్లం వ్యాపారికి తొమ్మిది రోజుల్లో సైటు ఇవ్వాలి. ఆమె ఆసుపత్రి నుంచి ఒక్క మాట చెప్పింది, మిగతావాళ్ళు నలుగురు పంచుకుని గడువులోగా పూర్తిచేసి ఇచ్చారు. ఇంతవరకూ వినడానికి బాగుంది. చివరి వాయిదా పద్దెనిమిది వేలు ఆమె ఖాతాలో పడ్డాయి, ఆసుపత్రిలో ఖర్చయిపోయాయి. ఆ నలుగురిలో ఒక కుర్రాడు ఆ ఆదివారం నా ఎదుటే తన వాటా నాలుగు వేలు అడిగాడు.

షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. గోడ అవతల మగ్గం మాత్రం ఆగలేదు.

"ఆసుపత్రి ఖర్చు ఆమెది, కూలి నాది. రెంటినీ కలపొద్దు. నాకు పదో తారీఖు బండి కిస్తు ఉన్నది" అన్నాడు. డి.టి.పి. ఆసామి కోప్పడ్డాడు. అక్కల్‌కోట్ అమ్మాయి కుర్రాడి పక్షం మాట్లాడింది. మొహమాటానికి నోరు మూసుకుంటే వచ్చే నెల ఎవరూ సాయానికి రారని ఆమె వాదన. అరగంట నడిచింది, మరాఠీలో మొదలై తెలుగులోకి వచ్చి, వేడెక్కాక ఉర్దూలో పడింది. చివరికి ఆ కుర్రాడి వాటా భిషీ నిధి నుంచి ఇచ్చేసి, ఆ అమ్మాయి నిధికి మూడు వాయిదాల్లో కట్టేటట్టు తేల్చారు. మిగతా ముగ్గురూ తమ వాటా వచ్చే పనిలో సరిపెట్టుకుంటామన్నారు. వహీలో రాశారు, ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆ కుర్రాడిని చెడ్డవాడనుకోవడానికి నాకు మనసొప్పలేదు. మా బ్యాంకులో ఇంత వేగంగా, ఇంత మర్యాదగా ఒక బాకీ పునర్వ్యవస్థీకరణ జరగడం ముప్ఫై ఏళ్ళలో నేను చూడలేదు.

"ఒకరి కస్టమర్ని ఒకరు ఎగరేసుకుపోతే?" అని అడిగాను. అందరూ నవ్వారు. జరిగిందట. ఒకతను ధర తగ్గించి ఫొటోల కుర్రాడి కస్టమరును నేరుగా పట్టుకున్నాడు. ఎవరూ వెళ్ళగొట్టలేదు, తనే ఆరు నెలలు రాలేదు. తర్వాత ఒక రాత్రి అతని సైటులోకి దొంగలు చొరబడి అంతా చెడగొట్టారు. మావాడికి ఫోను చేశాడు. తెల్లవార్లూ కూర్చుని బాగుచేసి ఇచ్చారు, బయటివాళ్ళకు వేసే పూర్తి ధర వేశారు. ఆ ఆదివారం అతను కూడా వచ్చి ఉన్నాడు. ఎవరో నేను అడగలేదు.

మధ్యాహ్నం నాకూ ఒక పని దొరికింది. సిరిసిల్ల వస్త్రవ్యాపారి ఒకాయన తన సైటుకు తెలుగు మాటలు పంపాడు. పాత డి.టి.పి. ఫాంటులో టైపు చేసినవి కాబట్టి తెర మీద ఇంగ్లీషు అక్షరాల చెత్తలా కనిపిస్తున్నాయి. 1991లో మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికినా, అచ్చుపని చేసేవాళ్ళు చాలామంది చాలాకాలం ఎవరి ఫాంటు వారిదన్నట్టే ఉన్నారు. పెళ్ళిపత్రికల ఆసామికి ఆ కిటుకు తెలుసు, మార్చిపెట్టాడు. మార్చాక చిక్కు వచ్చింది. అది సరిగ్గా ఉందో లేదో చెప్పేవాళ్ళు లేరు. పదకొండు మందిలో ఏడుగురు ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతారు. ఆసామితో సహా ఒక్కరికీ చదవడం రాదు. ఆయన ఇన్నేళ్ళూ తెలుగు శుభలేఖలు అక్షరాల బొమ్మలు చూసి కూర్చాడట. అందరూ మరాఠీ మీడియం.

నేను కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. మూడు పేజీల్లో ఇరవై రెండు తప్పులు. ఒకచోట 'పడుగు' అన్న మాట 'పడగ' అయి కూర్చుంది. చీర పేరులో పాముపడగ ఎందుకొచ్చిందని నేను నవ్వితే, వాళ్ళకు నవ్వు రాలేదు. ఆ రెండు మాటలకు తేడా వినపడుతుంది గాని కనపడదు వాళ్ళకి. మా వదిన చాయ్ తెచ్చి నిలబడి, "మా అత్త ఉంటే సదివేది, ఆమెకు పురాణం సదువొచ్చు" అంది. తర్వాత కొడుకుని చూసి, "నీది నేసే పనా, కండెలు చుట్టే పనా? మీ బాపుకు నేనేం చెప్పాలె?" అని అడిగింది. వాడు కాస్త ఆలోచించి, "ఇయాల నేసుడు, రేపు కండెలు" అన్నాడు.

సాయంత్రం వహీలో నా పేరు కనిపించింది: 'కాకా, తెలుగు ప్రూఫు, రెండు గంటలు, 600.' బ్యాంకు ఉద్యోగి బయటి పని చేసి డబ్బు తీసుకోకూడదు, అది చాయ్ ఖాతాలో వేయమన్నాను. వేశారు, దానికి కూడా నా చేత సంతకం పెట్టించారు.

ఊరకే ఉండలేక నేనూ కొంత పని చేశాను. ఒక కార్ఖానా వీళ్ళకు అయిదు నెలలుగా బాకీ. ఫోను ఎత్తడం లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం వీళ్ళలాంటి సేవలు చేసేవారికీ వర్తిస్తుందని వాళ్ళెవరికీ తెలియదు. ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకుంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఆపితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. నమోదుకు పైసా ఖర్చు లేదు. పదకొండు మందిలో ఇద్దరే చేసుకున్నారు. మిగతా తొమ్మిది మంది చేత ఆ సాయంత్రమే చేయించాను. పాత బాకీకి ఇది ఎంతవరకు పనికొస్తుందో పక్కనపెట్టి, ఇకమీదట పని మొదలుపెట్టేముందు ఒక కాగితం రాయించుకోమన్నాను. వాళ్ళలో వాళ్ళకు వహీ ఉంది గాని, బయటివాళ్ళతో అన్నీ నోటిమాటలే.

అది చెబుతుండగా నాకు ఒక పాత ఫైలు గుర్తొచ్చింది. ఇక్కడ రాయకుండా ఉండవచ్చు, కానీ రాస్తాను. 2018లో, ఇంకో ఊళ్ళో, నేను మేనేజరుగా ఉన్న శాఖకు ఇలాంటి కుర్రాడే వచ్చాడు. కంప్యూటర్లకు మూడు లక్షలు ముద్రా రుణం అడిగాడు. ఆ పథకం 2015 ఏప్రిల్‌లో వచ్చిందే ఇలాంటివాళ్ళ కోసం. అప్పట్లో పది లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు. రెండేళ్ళ రిటర్నులు జతచేశాడు. 2016 ఆర్థిక చట్టంలో వృత్తి పనివారి కోసం ఒక సులువు పద్ధతి వచ్చింది, వచ్చిన రాబడిలో సగం లాభంగా చూపితే లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. దాని ప్రకారం వేసిన రిటర్నులు. నేను మొదటి పేజీ చూసి, జీతం లేదు, దుకాణం లేదు, సరుకు లేదు అనుకుని, 'స్థిరమైన ఆదాయానికి ఆధారం లేదు' అని రాసి పంపించేశాను. ఆ రాత, ఆ సంతకం నావే. ఆ కుర్రాడు వెళ్తూ, "మీరు రిటర్ను చూడలేదు సార్" అన్నాడు. నిజమే, చూడలేదు.

ఆ రాత్రి మావాడి రిటర్నులు చూశాను, మూడేళ్ళవీ, ప్రతి పేజీ. మొదటి ఏడాది హింజవడి జీతంలో సగం కూడా లేదు. రెండో ఏడాది దాదాపు సమానం. మూడో ఏడాది కొంచెం ఎక్కువ, అయితే అందులో ఒక్క విదేశీ కస్టమరు వాటా మరీ ఎక్కువగా ఉంది. ఆయన రేపు మానేస్తే ఏమిటని అడిగాను. "అందుకే గద కాకా నెలనెల కూసునేది" అన్నాడు. ఆ జవాబుతో నేను పూర్తిగా తృప్తిపడలేదు. ఆరోగ్య బీమా లేదు, పి.ఎఫ్. లేదు. ఆ రెండూ వచ్చే నెలలోగా చూసుకోమని గట్టిగా చెప్పాను. రైలెక్కమని మాత్రం చెప్పలేదు.

అన్నకు ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. "నిన్ను పిలిపించుకున్నది ఇందుకారా" అని లేచిపోయాడు. రాత్రి కడక్ భాకరీ, శేంగా చట్నీ, నాకిష్టమని వదిన చేసింది. ఆయన మాతో కూర్చుని తినలేదు. షెడ్డులోకి వెళ్ళి మిగిలిన రెండు మగ్గాల్లో ఒకదాని నాడె మార్చుకుంటూ కూర్చున్నాడు. మార్చాల్సిన అవసరం ఏమీ ఉన్నట్టు లేదు.

పొద్దున్నే తిరుగు బండి. ఆటో పిలుద్దామనుకుంటుంటే స్కూటరు స్టార్టు చేసిన చప్పుడైంది. అన్నే. దారి పొడవునా మాట్లాడలేదు. స్టేషన్ ముందు నా సంచీ తానే దింపి, టికెట్ల కిటికీ దాకా వచ్చి, పెట్టె ఎక్కేదాకా నిలబడ్డాడు. బండి కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి అడిగాడు.

"తమ్మీ, ఆ మూడేండ్ల రిటర్నులంటివి సూడు, అవి జీతం చీటీ లెక్కనేనా? సంబంధం వాళ్ళకు సూపెట్టొచ్చునా?"

"సూపెట్టొచ్చు. అంతకన్న ఎక్కువనే" అన్నాను.

"అయితే ఒక జిరాక్స్ మీద నువ్వు తెలుగుల రాసి పంపు, ఏ అంకె ఏందో. ఆయిన పాతకాలపోడు, తెలుగు సదువుతడు."